"ఇంకో బాటిల్ పెట్టమనండి సార్": ఆపరేషన్, ఐసీయూ పేషెంట్ల సెలైన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఐసీయూ బయట కుర్చీల్లో తెలుగు వినపడని రోజు ఉండదు. నెల్లూరు, గూడూరు, తిరుపతి నుంచి బస్సులో వచ్చినవాళ్లు, సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కి వచ్చినవాళ్లు. నేను మత్తు డాక్టర్ని, ఐసీయూ కూడా చూస్తాను. మాదీ ఆ వైపే కాబట్టి భాష తెలిసినవాడు దొరికాడని పట్టుకుని అడుగుతారు. ఆ ప్రశ్నల్లో ఎక్కువ భాగం గుండె గురించో మత్తు గురించో కాదు, స్టాండుకి వేలాడే బాటిల్ గురించే. లోపల జరిగే వైద్యంలో బంధువుల కంటికి కనపడేది అదొక్కటే మరి.

ఇక్కడ రాసినదంతా విషయం అర్థం కావడానికి. మీ పేషెంట్‌కి ఏది, ఎంత అన్నది మంచం పక్కన నిలబడి చూసిన డాక్టరే చెప్పాలి.

సెలైన్ అన్నా గ్లూకోజ్ అన్నా ఒకటే కదా?

మాటల్లో ఒకటే. మన ఊళ్లలో "గ్లూకోజ్ ఎక్కించారు" అంటాం, ఇక్కడి సిస్టర్లు "ట్రిప్స్" అంటారు. కానీ బాటిల్ మీద లేబుల్ చదివితే అవి వేరు వేరు మందులు.

ఎన్ఎస్ అంటే నార్మల్ సెలైన్. లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంతకుమించి ఏమీ లేదు. ఆర్ఎల్ అంటే రింగర్ లాక్టేట్. ఇందులో ఉప్పు కాస్త తక్కువ, దాంతోపాటు కొద్దిగా పొటాషియం, కాల్షియం, లాక్టేట్ ఉంటాయి. సిడ్నీ రింగర్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1880ల్లో కప్ప గుండెలు ఏ నీళ్లలో ఆగకుండా కొట్టుకుంటాయో చూస్తూ తయారుచేసిన ద్రావణం ఇది. 1932లో అమెరికాలో పిల్లల డాక్టర్ అలెక్సిస్ హార్ట్‌మన్ దానికి లాక్టేట్ చేర్చాడు. ఇక 5 శాతం డెక్స్‌ట్రోజ్ లీటరులో 50 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. ఆ గ్లూకోజ్‌ని ఒళ్లు వాడేసుకున్నాక మిగిలేది వట్టి నీళ్లే. డీఎన్ఎస్‌లో ఉప్పూ గ్లూకోజూ రెండూ ఉంటాయి.

ఎక్కించింది ఎక్కడికి పోతుందన్నది అసలు తేడా. లీటరు ఎన్ఎస్ పోస్తే గంట తిరిగేసరికి రక్తనాళాల్లో నిలిచేది సుమారు పావు వంతు. మిగతాది కణాల చుట్టూ ఉన్న సందుల్లోకి జారిపోతుంది, అదే తర్వాత కాళ్ల వాపుగా కనపడుతుంది. డెక్స్‌ట్రోజ్ నీళ్లయితే పదో వంతు కూడా నాళాల్లో నిలవదు. అందుకే బీపీ పడిపోయిన పేషెంట్‌కి "గ్లూకోజ్ పెట్టండి" అని మీరు ఎంత అడిగినా పెట్టరు.

బీపీ ఉందని ఇంట్లో ఉప్పు మాన్పించాం. ఇక్కడ ఉప్పు నీళ్లే ఎక్కిస్తున్నారేం?

ఇది అడిగింది నాయుడుపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. భర్తకి పేగు ఆపరేషన్ అయింది. "ఆరేళ్లుగా ఆయనకి ఊరగాయ జాడీ చూపించలేదు నాయనా నేను. మీరేమో బాటిళ్లు బాటిళ్లు ఉప్పు ఎక్కిస్తా ఉండారే" అంది. నవ్వి పంపించేసే ప్రశ్న కాదిది. ఆవిడ అడిగింది చాలామంది జూనియర్ డాక్టర్లకి తట్టదు.

లెక్క చూడండి. తిండిలో రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. లీటరు ఎన్ఎస్‌లో 9 గ్రాములు. నోటితో ఏమీ తీసుకోని 60 కిలోల మనిషికి రోజుకి కావలసిన సోడియం సుమారు 60 మిల్లీమోల్స్ (లవణాలని కొలిచే లెక్క). ఒక్క అరలీటరు ఎన్ఎస్ బాటిల్‌లోనే 77 ఉన్నాయి. అంటే ఒక బాటిల్‌తో ఆ రోజు కోటా దాటిపోయింది. దీనికి తోడు యాంటీబయాటిక్‌ని 100 మిల్లీలీటర్ల ఎన్ఎస్‌లో కలిపి రోజుకి మూడు నాలుగు సార్లు ఎక్కిస్తారు. దాన్ని ఎవరూ "సెలైన్" అని లెక్కపెట్టరు, ఒళ్లు మాత్రం లెక్కపెడుతుంది.

రక్తం పోయినప్పుడో, వాంతులు విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడో ఉప్పు నీళ్లు ఇవ్వక తప్పదు, అప్పుడు అది ప్రాణం నిలిపే మందు. అవసరం తీరాక కూడా అలవాటుగా వేలాడుతూ ఉంటే తప్పు. ఆ పెద్దావిడ భర్త చార్ట్ చూస్తే అప్పటికి రెండు రోజులుగా గంజి, మజ్జిగ తాగుతున్నాడు. బాటిల్ తీసేయించాం.

ఇంకో గొడవ క్లోరైడ్‌ది. మన రక్తంలో క్లోరైడ్ లీటరుకి సుమారు 100 మిల్లీమోల్స్, ఎన్ఎస్‌లో 154. లీటర్ల కొద్దీ ఎక్కిస్తే రక్తం ఆమ్లం వైపు జరుగుతుంది, కిడ్నీల మీద భారం పడవచ్చు. ఇది నిజంగా ఎంత ముఖ్యం అన్నదానిపై పెద్ద పరీక్షలే జరిగాయి. 2018లో అమెరికాలో 15 వేలకు పైగా ఐసీయూ పేషెంట్లలో చూస్తే ఆర్ఎల్ లాంటి ద్రావణాల వైపు స్వల్పంగా మొగ్గు కనపడింది, అదీ ఒక శాతం తేడా. తర్వాత 2021లో బ్రెజిల్‌లో, 2022లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చూస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఎన్ఎస్ విషమేమీ కాదు. అయినా ఆపరేషన్ టేబుల్ దగ్గర నా చెయ్యి ముందు ఆర్ఎల్ మీదకే పోతుంది. తలకి దెబ్బ తగిలిన పేషెంటైతే మాత్రం ఎన్ఎస్సే, ఎందుకంటే ఆర్ఎల్ కొంచెం పలచన, మెదడు వాపుకి అది మంచిది కాదు.

రిపోర్టులో లాక్టేట్ ఎక్కువ ఉందని భయపెట్టారు, మళ్లీ రింగర్ లాక్టేట్ బాటిలే పెడుతున్నారు!

లేబుల్ చదివే బంధువులంటే నాకు గౌరవం. రక్తంలో లాక్టేట్ పెరగడం ఒక గంట మోగడం లాంటిది. ఒళ్లు ఒత్తిడిలో ఉందని, ఎక్కడో రక్తప్రసరణ చాలట్లేదని చెబుతుంది. బాటిల్‌లో ఉన్నది ఆమ్లం కాదు, సోడియం లాక్టేట్. లివర్ దాన్ని బైకార్బనేట్‌గా మార్చుకుంటుంది, అంటే ఆమ్లం తగ్గించే వైపే పనిచేస్తుంది. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ల విషయంలో మాత్రం ఆలోచించి వాడతారు.

అలాగే "కిడ్నీ పేషెంట్‌కి ఆర్ఎల్‌లో పొటాషియం ఉంది కదా" అంటారు. అందులో ఉన్నది లీటరుకి 4 మిల్లీమోల్స్, మన రక్తంలో ఉన్నంతే. పొటాషియం ఎక్కువగా ఉన్న నీళ్లు వేరు, ఇది వేరు. ఆర్ఎల్‌లో కాల్షియం ఉంటుంది కాబట్టి రక్తం ఎక్కించే లైన్లో గానీ, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌తో పాటు గానీ దాన్ని కలపరు. సిస్టర్ ఒక్కోసారి బాటిల్ మార్చడానికి కారణం ఇదే.

బాటిల్ ఎక్కిస్తే బలం వస్తుందా?

రాదు. లీటరు డెక్స్‌ట్రోజ్‌లో ఉండేది 200 లోపు కేలరీలు, నాలుగు ఇడ్లీలపాటి. నోటితో తినగలిగినవాళ్లకి ఆ నాలుగు ఇడ్లీలే మేలు.

ఆపరేషన్‌కి ముందు రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టొద్దన్నారు. అంతసేపు అవసరమా?

సాధారణంగా అవసరం లేదు. మత్తు ఇవ్వడానికి 6 గంటల ముందు వరకు తేలికపాటి తిండి, 2 గంటల ముందు వరకు మంచినీళ్లు, పాలు లేని టీ లాంటివి తాగొచ్చని చాలా దేశాల మత్తు డాక్టర్ల సంఘాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. చంటిపిల్లలకి తల్లిపాలైతే 4 గంటలు. నూనె సరుకు, మాంసం తింటే 8 గంటలైనా ఆగాలి. కడుపు సరిగా ఖాళీ అవనివాళ్లు, పేగు అడ్డుపడినవాళ్లు, అర్జెంటు ఆపరేషన్లు వేరే లెక్క.

ఆచరణలో ఏమవుతుందంటే, రాత్రి పన్నెండు నుంచి అందరికీ బంద్ చెప్పేస్తారు. పొద్దున ఏడింటి ఆపరేషన్‌కీ అదే మాట, మధ్యాహ్నం రెండింటికి పిలిచేవాళ్లకీ అదే మాట. పద్నాలుగు గంటలు ఎండిపోయిన మనిషికి మత్తు ఇవ్వగానే బీపీ జారుతుంది, అప్పుడు దాన్ని లేపడానికి బాటిల్ మీద బాటిల్. నీళ్లు తాగనిచ్చి ఉంటే ఆ తిప్పలు తప్పేవి. "మా కేసు ఎన్నింటికి? అప్పటిదాకా నీళ్లు తాగొచ్చా?" అని మత్తు డాక్టర్నే నేరుగా అడగండి.

భాష గొడవ ఒకటుంది. సిస్టర్ "తణ్ణి కుడిక్క కూడాదు" అంటే నీళ్లు తాగకూడదని. ఎవర్నో తన్ని కుడివైపు ఏదో చేయమంటోందని ఒక కుర్రాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అర్థం కాకపోతే తల ఊపకండి, మళ్లీ అడగండి. ఉప్పు అన్న మాట ఒకటి రెండు భాషల్లోనూ ఒకటే, అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

రోజుకి ఎంత ఎక్కించాలి? పక్క మంచానికి ఆరు బాటిళ్లు పెట్టారు, మాకు మూడే.

మూడు చాలడం మంచి సంగతి. నోటితో ఏమీ తీసుకోకుండా, ఒంట్లోంచి అదనంగా ఏమీ పోకుండా ఉన్న మనిషికి కిలోకి 25 నుంచి 30 మిల్లీలీటర్లు. 60 కిలోలైతే 1500 నుంచి 1800. అంటే అరలీటరు బాటిళ్లు మూడు, మహా అయితే మూడున్నర. ముక్కులో ట్యూబు ద్వారా, డ్రెయిన్ (ఆపరేషన్ చోట పెట్టిన గొట్టం) ద్వారా, విరేచనాల ద్వారా పోయేది కొలిచి దానికి కలుపుతారు. పక్క మంచం అతనికి అవి ఎక్కువ పోతుండవచ్చు.

ఆపరేషన్ల విషయంలో ఒకప్పుడు ధారాళంగా పోసేవారు. తర్వాత కాలం మారి కొందరు మరీ బిగించారు. 2018లో 3000 మంది పెద్ద కడుపు ఆపరేషన్ పేషెంట్ల మీద జరిగిన పరీక్షలో ఒక గుంపుకి మొదటి 24 గంటల్లో సుమారు 3.7 లీటర్లు, రెండో గుంపుకి 6.1 లీటర్లు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మొత్తం మీద రెండూ సమానమే. కానీ బిగించిన గుంపులో కిడ్నీ దెబ్బ 8.6 శాతం, ధారాళంగా ఇచ్చినవాళ్లలో 5 శాతం. పొదుపు కూడా హద్దు దాటితే నష్టమేనని అప్పుడు తెలిసొచ్చింది.

చుక్కల లెక్క కూడా చాలామంది అడుగుతారు. మామూలు సెట్‌లో మిల్లీలీటరుకి 20 చుక్కలు. గంటకి 100 మిల్లీలీటర్లు పోవాలంటే నిమిషానికి 33 చుక్కలు, అరలీటరు అయిపోవడానికి 5 గంటలు. "మెల్లగా పోతోంది" అనిపించి ట్యూబు మీది వీల్ తిప్పేస్తుంటారు కొందరు అటెండర్లు, దయచేసి తిప్పకండి. ఆ బాటిల్‌లో పొటాషియం కలిపి ఉంటే త్వరగా పోవడం గుండె ఆగేంత ప్రమాదం.

ఆపరేషన్ అయ్యాక యూరిన్ తగ్గింది. ఇంకో బాటిల్ పెట్టమనాలా?

ముందు యూరిన్ ట్యూబు చూడాలి. ఒక రాత్రి రెండింటికి నాకు ఫోన్ వచ్చింది, రెండు గంటలుగా యూరిన్ చుక్క లేదు, ఫ్లూయిడ్ పెంచమంటారా అని. వెళ్లి దుప్పటి తీస్తే ట్యూబు తొడ కింద మడతపడి ఉంది. సర్దగానే 400 మిల్లీలీటర్లు గలగలా బ్యాగులోకి దిగింది. ఫోన్లోనే సరేనని ఉంటే ఆ ముసలాయనకి లీటరు దండగ్గా ఎక్కేది.

ట్యూబు బాగానే ఉన్నా మొదటి రోజు యూరిన్ కాస్త తగ్గడం మామూలే. కత్తి పడిందంటే ఒళ్లు దాన్ని గాయంగానే చూస్తుంది, నీళ్లు దాచుకొమ్మని హార్మోన్ వదులుతుంది. అప్పుడు వట్టి గ్లూకోజ్ నీళ్లు ఎక్కువ పోస్తే అవి బయటికి పోక రక్తంలో సోడియం పలచబడుతుంది, మనిషి మగతగా, తికమకగా మాట్లాడతాడు, ఫిట్స్ కూడా రావచ్చు. గంటకి కిలోకి అర మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి 30, మనం చూసే గుర్తు. అది తగ్గితే ఎందుకు తగ్గిందని వెతకాలి. రక్తం కారుతోందా, బీపీ పడిందా, లేక ఒళ్లు దాచుకుంటోందా?

మొదటి రోజు లీటర్లు ఎక్కించారు, నాలుగో రోజు నీరు తీసే ఇంజెక్షన్ ఇస్తున్నారు. ముందే తక్కువ ఇచ్చుండొచ్చుగా?

నన్ను ఎక్కువసేపు నిలబెట్టే ప్రశ్న ఇది. కోపంతో అడుగుతారు, కోపం న్యాయమే. మనిషి ముఖం గుర్తుపట్టలేనంత ఉబ్బి ఉంటుంది, వేలి ఉంగరం కోసి తీయాల్సి వస్తుంది.

ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకినప్పుడు రక్తనాళాలు వదులైపోతాయి, గోడలు కారడం మొదలుపెడతాయి. బీపీ పడిపోతుంది. ఆ మొదటి గంటల్లో పోయకపోతే కిడ్నీలు, మెదడు ఎండుతాయి. ఇది మొదటి దశ. మొదటి 3 గంటల్లో కిలోకి 30 మిల్లీలీటర్లు, 60 కిలోలకి 1800, అన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న లెక్క. 2016లో దాన్ని గట్టిగా చెప్పారు, 2021లో "ఇవ్వవచ్చు" అని మెత్తబరిచారు. తర్వాత రెండో దశలో పోస్తూ ఆగి చూడటం, మూడో దశలో ఆపడం, నాలుగో దశలో పేరుకున్నది బయటికి తీయడం. మీరు చూసిన ఇంజెక్షన్, అదే అందరూ లాసిక్స్ అనేది, ఈ నాలుగో దశలోది. మొదటి రోజు మందు నాలుగో రోజుకి భారమైంది. ఊపిరితిత్తుల్లో నీరు నిలిస్తే వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతుంది, పేగులు ఉబ్బితే ఆపరేషన్ కుట్టు మానదు.

పోయడం కన్నా మళ్లీ మళ్లీ వచ్చి చూడటం ముఖ్యమన్న సంగతి ఈ వైద్యం పుట్టినప్పుడే బయటపడింది. 1832లో కలరా వచ్చినప్పుడు స్కాట్లాండ్‌లో థామస్ లాటా అనే డాక్టరు చావుబతుకుల్లో ఉన్న ఒక ముసలావిడ నరంలోకి ఉప్పు నీళ్లు ఎక్కించాడు. ఆరు పింట్లు, అంటే సుమారు మూడున్నర లీటర్లు పోయేసరికి ఆవిడ లేచి మాట్లాడింది. ఆయన ఆమెని ఆసుపత్రి సర్జన్‌కి అప్పజెప్పి వెళ్లాడు. విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి, లాటాకి ఎవరూ కబురు పెట్టలేదు, అయిదున్నర గంటల్లో ఆవిడ చనిపోయింది.

మరి ముందే తక్కువ ఇవ్వొచ్చా? కొన్నిసార్లు అవును. కొన్నిచోట్ల మొదటి రోజు ఆర్డరే మూడో రోజు దాకా చార్ట్‌లో కాపీ అవుతూ వస్తుంది, అది నేనూ చూశాను. రౌండ్స్‌లో డాక్టర్ని "నిన్నటికి మొత్తం బ్యాలెన్స్ ఎంత సార్?" అని అడగండి. లోపలికి పోయింది, బయటికి వచ్చింది తీసేస్తే మిగిలే అంకె అది. లీటరు మిగిలితే బరువు కిలో పెరుగుతుంది.

బీపీ ఇంకా తక్కువే ఉంది. బాటిల్ ఆపేసి సిరంజి పంపు పెట్టారెందుకు?

ఐసీయూలో బీపీ పడినవాళ్లలో బాటిల్‌కి గుండె స్పందించేది దాదాపు సగం మందిలోనే. మిగతావాళ్లకి నాళాలు బిగించే నోర్ఎడ్రినలిన్ కావాలి, సిరంజి పంపులో ఉన్నది సాధారణంగా అదే.

ఎవరు ఏ సగమో తెలుసుకోవడానికి ఒక పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. పేషెంట్ సగం కూర్చున్నట్టు ఉన్న మంచాన్ని తల వైపు పూర్తిగా దించి, కాళ్ల వైపు 45 డిగ్రీలు లేపుతాం. కాళ్లలోని సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం గుండె వైపు జారుతుంది. ఒక నిమిషం గుండె ఎంత రక్తం నెడుతోందో చూస్తాం. పెరిగితే బాటిల్ పనిచేస్తుంది, పెరగకపోతే లేదు, కాళ్లు దించితే రక్తం మళ్లీ కాళ్లలోకే. "మా నాన్నగారిని తలకిందులు చేస్తున్నారు" అని ఒకాయన తలుపు సందులోంచి చూసి గొడవ చేశాడు. చేసింది ఇదే.

రక్తప్రసరణ చాలట్లేదు కదా అని పోస్తూ పోతే ఏమవుతుందో 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాలలో 3141 మంది పిల్లల మీద జరిగిన పరీక్ష చూపించింది. జ్వరంతో, రక్తప్రసరణ సరిగా లేక వచ్చిన పిల్లలకి వేగంగా బోలస్ (ఒకేసారి పోసే మోతాదు) ఇస్తే 48 గంటల్లో మరణాలు సుమారు 10.5 శాతం, ఇవ్వకపోతే 7.3 శాతం. వెంటిలేటర్లు లేని ఆసుపత్రులవి, మన ఐసీయూకి అచ్చంగా అతకదు. అయినా ఆ అంకెలు చదివాక బోలస్ రాసేటప్పుడు పెన్ను ఒక క్షణం ఆగుతుంది.

ఆల్బుమిన్ కొనుక్కురమ్మన్నారు, చాలా ఖరీదు. తప్పదా?

ఆల్బుమిన్ అంటే రక్తంలో ఉండే ఒక ప్రోటీన్. ఎందుకని అడగండి. లివర్ పాడై పొట్టలో నీరు లీటర్ల కొద్దీ తీసినవాళ్లకి అది నిజంగా పనికొస్తుంది. 2004లో దాదాపు 7000 మంది ఐసీయూ పేషెంట్లలో సెలైన్‌తో పోల్చి చూస్తే 28 రోజుల మరణాల్లో తేడా లేదు, తలకి దెబ్బ తగిలినవాళ్లలో ఆల్బుమినే చేటు చేసింది. రిపోర్టులో ఆల్బుమిన్ అంకె తక్కువ ఉందని, "ప్రోటీన్ బలం" అని కొనిపిస్తే నాకు సబబనిపించదు.

డెంగ్యూ వచ్చింది. ప్లేట్‌లెట్లు పెరగాలంటే సెలైన్ ఎక్కించాలా?

సెలైన్‌తో ప్లేట్‌లెట్లు పెరగవు. డెంగ్యూలో అసలు ప్రమాదం నాళాలు కారడం. అదీ జ్వరం తగ్గే సమయంలో, మూడు నుంచి ఏడో రోజు మధ్య, 24 నుంచి 48 గంటలు. "జ్వరం తగ్గింది, ఇంటికి తీసుకుపోతాం" అనేది సరిగ్గా ఆ ఘడియల్లోనే. అప్పుడు పీసీవీ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే పరీక్ష) చూస్తూ, యూరిన్ చూస్తూ కొలిచి ఇస్తారు. తర్వాత కారిన నీరంతా తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పటికీ బాటిల్ వేలాడుతుంటే ఆయాసం మొదలవుతుంది. తాగగలిగినవాళ్లకి ఓఆర్ఎస్, గంజి, మజ్జిగ చాలు.

కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకి అసలు ఎక్కించకూడదా?

ఎండిపోతే వాళ్లకీ ఎక్కించాలి. 250 మిల్లీలీటర్ల చొప్పున, ప్రతిసారీ ఆగి, ఊపిరితిత్తులు విని.

ట్యూబులో గాలి బుడగ కనపడింది, బాటిల్ అయిపోయి రక్తం వెనక్కి వచ్చింది. ప్రాణానికి ప్రమాదమా?

చేతి నరంలో పెట్టిన సన్నటి ట్యూబులో ఒకటి రెండు చిన్న బుడగలు పెద్దవాళ్లకి ఏమీ చేయవు. బారెడు గాలి కనపడితే, లేదా మెడ నరంలో లైన్ ఉంటే, వెంటనే పిలవండి. రక్తం వెనక్కి రావడం బాటిల్‌లో ఒత్తిడి తగ్గినందుకే, కానీ అలాగే వదిలేస్తే క్యాన్యులాలో (నరంలో ఉండే సన్నటి గొట్టం) గడ్డకట్టి మళ్లీ గుచ్చాల్సి వస్తుంది. ప్రమాదం ఎక్కువగా సూది గుచ్చిన చోట ఉంటుంది. అక్కడ ఎర్రబడినా, ఉబ్బినా, పేషెంట్ మంట అన్నా బాటిల్ ఎంత మిగిలిందని చూడకుండా సిస్టర్‌ని పిలిచి ఆపించండి. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్‌కి చాలా మంచాలుంటాయి, మీరు పిలవడం వాళ్లకి సాయమే.